రేస్ చూడ్డానికి విదేశం వెళ్తున్నారా? అక్కడ బైక్ అద్దెకు తీసుకోవడం, ఇన్సూరెన్స్ చూసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇటలీలోని ముజెల్లో, నెదర్లాండ్స్‌లోని ఆసెన్, ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపం లాంటి చోట్ల బైక్ రేస్ అంటే ట్రాక్ మీద జరిగేది మాత్రమే కాదు. దేశదేశాల నుంచి బైకుల మీద వచ్చే జనం, దారి పొడవునా వాళ్లతో కలిసి సాగే ప్రయాణం, సర్క్యూట్ బయట బారులు తీరిన బండ్లు, ఇవన్నీ కలిస్తేనే రేస్ వారాంతం. ఫ్లైట్ దిగి బస్సెక్కి వెళ్లే బదులు అక్కడే ఒక బైక్ అద్దెకు తీసుకుని వెళ్లాలనిపించడం సహజం. వీలుంటే తప్పకుండా అలాగే వెళ్లండి.

అయితే చాలామంది ముందు మోడల్ ఎంచుకుంటారు, తర్వాత బుక్ చేస్తారు, ఇన్సూరెన్స్ సంగతి కౌంటర్ దగ్గర చూసుకుందాంలే అనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. మీ చేతిలో ఉండాల్సిన కాగితాలు మూడు: లైసెన్స్, అద్దె ఒప్పందం, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ. ఈ మూడూ ఒకే రైడర్‌ని, ఒకే బండిని, ఒకే దారిని ఒప్పుకోవాలి. ఒక్కటి తేడా వచ్చినా మిగతా రెండూ అక్కరకు రాకుండా పోవచ్చు. మీ లైసెన్స్ చెల్లని బండి నడుపుతూ పడిపోయారనుకోండి. అద్దె కంపెనీ ఇచ్చిన కవర్ పోతుంది, ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన ట్రావెల్ పాలసీ కూడా చేతులెత్తేస్తుంది. అందుకే ఈ గైడ్‌లో బైక్ ఎంపిక నాలుగో మెట్టు మీద గానీ రాదు.

మొదటి మెట్టు: మీ లైసెన్స్ అక్కడ ఏ బండికి చెల్లుతుందో తేల్చుకోండి

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ, విడిగా ఒక లైసెన్స్ కాదు. మీ అసలు లైసెన్స్‌కి అది అధికారిక అనువాదం మాత్రమే. అసలు లైసెన్స్ జేబులో లేకపోతే ఐడీపీ ఒక్కటీ చూపించి లాభం లేదు. దాన్ని మీకు లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. విమానం ఎక్కాక గుర్తొస్తే చేయగలిగేది పెద్దగా ఉండదు.

ఐడీపీల్లో రకాలున్నాయి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకొకటి. మొదటిది ఏడాది పాటు చెల్లుతుంది. రెండోది గరిష్ఠంగా మూడేళ్లు, అదీ మీ అసలు లైసెన్స్ గడువు దాటకుండా. వెళ్లే దేశం ఏ రకాన్ని గుర్తిస్తుందో ముందే చూసుకోవాలి. సుజుకా 8 గంటల రేస్‌కో, మోటేగిలో జరిగే మోటో జీపీకో జపాన్ వెళ్తున్నారనుకోండి. అక్కడ 1949 రకం ఐడీపీ మాత్రమే చెల్లుతుంది. 1968 రకం పట్టుకెళ్తే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి కొన్ని దేశాల లైసెన్స్ ఉన్నవాళ్లకు జపాన్‌లో ఐడీపీ బదులు అధికారిక జపనీస్ అనువాదం ఉండాలి.

ఐడీపీ చేతికి రాగానే లోపలి పేజీ తెరిచి ‘ఏ’ కేటగిరీ ఎదురుగా ముద్ర ఉందో లేదో చూడండి. మోటార్‌సైకిళ్లకు వర్తించేది అదే. కారుకు సంబంధించిన ‘బి’ మీద మాత్రమే ముద్ర ఉంటే ఆ పుస్తకం మీకు బైక్ విషయంలో పనికిరాదు. ఈ పొరపాటును ఇచ్చిన ఆఫీసులోనే, ఆ రోజే సరిచేయించుకోవాలి.

యూరప్‌లో బైక్ లైసెన్స్‌కు మెట్లుంటాయి. ఏ1 అంటే 125 సీసీ, 11 కిలోవాట్ల వరకు. ఏ2 అంటే 35 కిలోవాట్ల వరకు. పూర్తి ‘ఏ’ అయితే పరిమితి లేదు. మీ లైసెన్స్‌లో ఇలాంటి విభజన లేకపోయినా, అద్దె కంపెనీ తన సొంత నిబంధన పెట్టవచ్చు: ఇన్నేళ్ల వయసు, లైసెన్స్ వచ్చి ఇన్నేళ్లు, ఇంత పెద్ద ఇంజిన్ నడిపిన అనుభవం అని. లైసెన్స్ ఫొటో, ఐడీపీ ఫొటో వాళ్లకు పంపి, ఫలానా మోడల్‌ను మీకు ఇస్తారో లేదో మెయిల్‌లో రాయించుకోండి.

ఇంకో మాట. టూరిస్టులు ఎక్కువగా వచ్చే చోట్ల లైసెన్స్ అడగకుండానే స్కూటర్ తాళం చేతిలో పెట్టే షాపులుంటాయి. వాళ్లు అడగలేదంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు, ఇన్సూరెన్స్ ఒప్పుకున్నట్టు అంతకన్నా కాదు. ప్రమాదం జరిగాక లైసెన్స్ గురించి మొదటి ప్రశ్న వేసేది క్లెయిమ్ ఆఫీసే.

రెండో మెట్టు: ట్రావెల్ పాలసీని బైక్ కళ్లతో చదవండి

బండికి తగిలిన గీతల కంటే మీ ఒంటికి తగిలిన దెబ్బల ఖర్చే ఎక్కువ. ఎముక విరిగి ఆపరేషన్ జరిగి, పడుకోబెట్టి విమానంలో స్వదేశానికి తేవాల్సి వస్తే ఆ బిల్లు ముందు బైక్ ధర ఏ మూలకూ రాదు. అందుకే ఈ పాలసీ మీద గట్టిగా సమయం పెట్టమంటాను.

పాలసీలో ముందు మినహాయింపుల పేజీ తీయండి. ‘మోటార్‌సైకిల్’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. చాలా పాలసీలు ద్విచక్ర వాహనాలను అసలే కవర్ చేయవు, లేదా 125 సీసీ దాకా మాత్రమే చేస్తాయి. అంతకు మించితే అదనపు ప్రీమియం కట్టి ప్రత్యేక కవర్ తీసుకోవాలి. కవర్ ఉన్నా షరతులుంటాయి: ఆ దేశంలో చెల్లే లైసెన్స్, తలకు హెల్మెట్, మద్యం తాగకపోవడం. వెనక కూర్చునే వాళ్లకు విడిగా పాలసీ ఉండాలి, అందులోనూ బైక్ కవర్ ఉండాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు. నడిపేవాళ్ల పాలసీ వెనక కూర్చున్నవాళ్ల ఆసుపత్రి బిల్లు కట్టదు.

‘రేసింగ్, వేగ పరీక్షలు, పోటీలు’ అనే మినహాయింపు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. మీరు రేస్ చూడ్డానికి వెళ్తున్నారు కాబట్టి అది మీకు తగలదు. కానీ సర్క్యూట్‌లో ప్రేక్షకులకు ఒక ల్యాప్ అవకాశం ఇచ్చారని లోపలికి వెళ్తే తగులుతుంది. స్వయంగా పోటీలో దిగే రైడర్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు రేసింగ్ లైసెన్స్, తమ దేశపు ఫెడరేషన్ నుంచి అనుమతి, పోటీకి విడిగా ఇన్సూరెన్స్ కావాలి. రోడ్డు మీద నడపడానికి తీసుకున్న అద్దె బండి, మామూలు ట్రావెల్ పాలసీ ట్రాక్ మీద ఎందుకూ పనికిరావు.

ఇంకో లోతైన చోటు ‘పర్సనల్ లయబిలిటీ’. పొరపాటున ఎవరికైనా నష్టం చేస్తే కట్టే కవర్ అని అక్కడ రాసి ఉంటుంది. చూసి ధీమాగా ఉంటాం. కాస్త కిందికి చదివితే, మోటారు వాహనం నడుపుతూ చేసిన నష్టానికి వర్తించదని ఉంటుంది. కాబట్టి ఎదుటివాళ్లకు జరిగే నష్టం పూర్తిగా అద్దె బండి ఇన్సూరెన్స్ మీదే ఆధారపడుతుంది. మూడో మెట్టు అందుకే.

చదివినా అనుమానం మిగిలితే కంపెనీకి మెయిల్ రాయండి. ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత పనికొస్తుంది. ఉదాహరణకు ఇలా: “ఫలానా తేదీల్లో, ఫలానా దేశంలో, 700 సీసీ అద్దె మోటార్‌సైకిల్‌ను ప్రజా రహదారుల మీద నడుపుతాను. నా దగ్గర మోటార్‌సైకిల్ లైసెన్స్, ‘ఏ’ కేటగిరీ ఉన్న ఐడీపీ ఉన్నాయి. ప్రమాదం జరిగితే వైద్య ఖర్చులు, స్వదేశానికి తరలింపు ఈ పాలసీలో కవర్ అవుతాయా?” ఫోన్‌లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి. రాతపూర్వకంగా వచ్చిన జవాబును పాలసీతో పాటు దాచుకోండి.

మూడో మెట్టు: అద్దెతో పాటు వచ్చే ఇన్సూరెన్స్‌లో ఏముంది, ఏం లేదు

అద్దె వెబ్‌సైట్ మీద ‘ఇన్సూరెన్స్ కలిపే’ అని ఉంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎవరికి జరిగిన నష్టానికి?

చాలా దేశాల్లో చట్టం తప్పనిసరి చేసేది థర్డ్ పార్టీ కవర్. అందులోనూ దేశానికో లెక్క. జపాన్‌లో ప్రతి బండికీ ఉండాల్సిన జిబాయిసెకి ఇన్సూరెన్స్ ఎదుటి మనుషుల గాయాలకు, మరణానికి మాత్రమే, అదీ ఒక పరిమితి వరకు వర్తిస్తుంది. మీరు గుద్దిన కారుకు, గోడకు అది పైసా ఇవ్వదు. దానికి వేరే ఐచ్ఛిక కవర్ కావాలి. బురిరామ్‌లో మోటో జీపీ జరిగే థాయ్‌లాండ్‌లోనూ తప్పనిసరి ఇన్సూరెన్స్ శరీరానికి తగిలిన దెబ్బలకే పరిమితం. ఎదుటివాళ్ల వాహనం, మీరు నడిపే బండి రెండూ దాని పరిధిలో లేవు. ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్‌తో ముడిపడిన తప్పనిసరి ఇన్సూరెన్స్ కూడా మనుషుల గాయాల కోసమే. కాబట్టి ‘చట్టప్రకారం ఇన్సూరెన్స్ ఉంది’ అన్న మాటతో ఆగిపోకండి. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఎంత వరకు కవర్ ఉందో అంకెల్లో అడగండి.

ఇక మీరు నడిపే బండికి జరిగే నష్టం. దీనికి కంపెనీ ఇచ్చే డ్యామేజ్ వేవర్‌లో, అంటే బండి నష్టమంతా మీ మీద వేయబోమనే ఒప్పుదలలో, ‘ఎక్సెస్’ అని ఒక మొత్తం ఉంటుంది, కొన్ని చోట్ల దీన్నే డిడక్టిబుల్ అంటారు. నష్టంలో ఆ మొత్తం వరకు మీరే కట్టాలి, దాటితేనే కంపెనీ భరిస్తుంది. కార్లతో పోలిస్తే బైకుల మీద ఇది ఎక్కువగా ఉంటుంది. పైగా బైక్ ఆగి ఉన్నప్పుడు పక్కకు ఒరిగినా లీవర్, అద్దం, ఇండికేటర్, ఇంజిన్ కవర్ ఒకేసారి దెబ్బతింటాయి. అంటే చిన్న సంఘటనకే ఎక్సెస్ మొత్తం కరిగిపోవచ్చు. రోజుకింత కట్టి ఎక్సెస్ తగ్గించుకునే అవకాశం ఇస్తే, కొత్త దేశంలో, పరిచయం లేని బరువైన బండి మీద వెళ్తున్నప్పుడు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆ డబ్బు ఆదా చేద్దామని బయట విడిగా దొరికే ఎక్సెస్ పాలసీ కొనేవాళ్లున్నారు. కొనేముందు అందులో మోటార్‌సైకిల్ ఉందో లేదో చూడండి. అలాంటి పాలసీల్లో చాలావరకు కార్ల కోసం రాసినవే. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే అద్దె వాహన కవర్ కూడా సాధారణంగా ద్విచక్ర వాహనాలను పక్కన పెడుతుంది.

వేవర్ కిందికి రానివి కొన్ని ఉంటాయి: టైర్లు, రిమ్ములు, క్లచ్ కాలిపోవడం, తాళం పోగొట్టడం, తప్పు ఇంధనం పోయడం. దొంగతనం కవర్‌కు మెలిక ఉంటుంది. బండి పోతే తాళం తిరిగి చూపించాలి, కంపెనీ ఇచ్చిన లాక్ వేసి ఉండాలి. తాళం బండికే వదిలేస్తే కవర్ లేనట్టే. జపాన్‌లో ఇంకో పద్దు కూడా కనిపిస్తుంది. బండి మరమ్మతులో ఉన్నన్నాళ్లూ కంపెనీకి పోయే వ్యాపారానికి ‘నాన్ ఆపరేషన్ ఛార్జ్’ అని వేస్తారు. డ్యామేజ్ కవర్ తీసుకున్నా ఇది విడిగా పడవచ్చు.

డిపాజిట్ సాధారణంగా రైడర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. డెబిట్, ప్రీపెయిడ్ ట్రావెల్ కార్డులను చాలాచోట్ల తీసుకోరు. కార్డు లిమిట్‌లో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. డిపాజిట్‌గా అసలు పాస్‌పోర్ట్ అడిగితే మాత్రం ఇవ్వకండి. ఏదైనా వివాదం వచ్చినప్పుడు పాస్‌పోర్ట్ వాళ్ల డ్రాయర్‌లో ఉంటే మీ మాటకు బలం ఉండదు. జిరాక్స్ ఇచ్చి, నగదు డిపాజిట్ కడతామనండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

రేస్ ప్రయాణానికే ప్రత్యేకమైన మెలికలు

మామూలు టూరిస్టుకు ఎదురుకాని కొన్ని క్లాజులు రేస్‌కి వెళ్లేవాళ్లకు ఎదురవుతాయి.

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె, 20.8 కిలోమీటర్ల ట్రాక్, టూరిస్ట్ సెషన్లలో డబ్బు కట్టినవాళ్లకు తెరుస్తారు. అప్పుడు అది టోల్ రోడ్డుగా లెక్క, మామూలు ట్రాఫిక్ చట్టమే వర్తిస్తుంది. ‘రోడ్డే కదా’ అని అద్దె బండితో వెళ్లాలనిపిస్తుంది, కానీ 2025 నుంచి ఆ సెషన్లలోకి బైకులను రానివ్వడం లేదు. పైగా అద్దె ఒప్పందాల్లో చాలావరకు ఈ ట్రాక్‌ను పేరు పెట్టి మరీ నిషేధిస్తాయి. అక్కడ పడితే బండి నష్టంతో పాటు విరిగిన గార్డ్ రెయిల్‌కూ మీరే కట్టాలి. అక్కడ నడపాలనే కోరిక ఉంటే, బైకులకు విడిగా జరిపే కార్యక్రమాలు చూసుకుని, ఆ ట్రాక్ కోసమే ప్రత్యేకంగా అద్దెకిచ్చే చోట, వాళ్ల షరతుల మీద తీసుకోవాలి.

1907లో మొదలైన ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ, అంటే టూరిస్ట్ ట్రోఫీ రేస్‌ది మరో సమస్య. ఆ ద్వీపం బ్రిటన్‌లో భాగం కాదు, యూరోపియన్ యూనియన్‌లోనూ లేదు. ‘బ్రిటన్ అంతటా చెల్లుతుంది’ అన్న కవర్ ద్వీపానికి చెల్లుతుందని అనుకోవద్దు. లివర్‌పూల్, హేషమ్‌ల నుంచి ఫెర్రీ ఎక్కేముందే అద్దె ఒప్పందంలో ఐల్ ఆఫ్ మ్యాన్ పేరు రాయించుకోండి. ఫెర్రీలో ఉండగా జరిగే నష్టం ఎవరిదో, ద్వీపంలో బండి ఆగిపోతే బ్రేక్‌డౌన్ సాయం వస్తుందో లేదో కూడా అడగండి.

అక్కడ రేస్ జరిగే 60.7 కిలోమీటర్ల మౌంటెన్ కోర్స్ మామూలు ప్రజా రహదారే. ప్రాక్టీస్, రేస్ సమయాల్లో మూసేస్తారు, మిగతా వేళల్లో ఎవరైనా వెళ్లవచ్చు. టీటీ రోజుల్లో కొండ భాగాన్ని వన్‌వే చేస్తారు. ఊళ్ల బయట చాలా రోడ్లకు వేగ పరిమితి లేకపోవడం చూసి చేయి ఊరుకోదు. కానీ వేగ పరిమితి లేనంత మాత్రాన నిర్లక్ష్యపు డ్రైవింగ్ నేరం కాకుండా పోదు. మీ వేవర్‌లో ‘నిర్లక్ష్యం’ అనే మినహాయింపు కూడా అలాగే ఉంటుంది. ఎదుట వెళ్తున్నవాళ్లు ఆ రోడ్డు పుట్టి పెరిగినవాళ్లయి ఉండవచ్చు. దయచేసి వాళ్ల వేగాన్ని పట్టుకోవాలని చూడకండి.

ఒక దేశంలో బండి తీసుకుని ఇంకో దేశంలో రేస్‌కి వెళ్లడం యూరప్‌లో మామూలే. వెళ్లే దేశాల పేర్లన్నీ ఒప్పందంలో ఉండాలి. గ్రీన్ కార్డ్, అంటే బండికి ఇన్సూరెన్స్ ఉందని వేరే దేశంలో చూపే పత్రం, అడిగే దేశమైతే కంపెనీ నుంచి తీసుకోండి. 2020 జులై నుంచి తెల్ల కాగితం మీద నలుపులో ముద్రించినా అది చెల్లుతుంది కాబట్టి రంగు చూసి కంగారు పడనక్కర్లేదు. అది రుజువు చేసేది థర్డ్ పార్టీ కవర్ మాత్రమే.

నాలుగో మెట్టు: ఇప్పుడు బైక్ ఎంచుకోండి

రేస్ వారంలో ఆ చుట్టుపక్కల బండ్లు ముందే అయిపోతాయి. క్యాలెండర్ రాగానే బుక్ చేయండి. తేదీలు మారే అవకాశం ఉంటుంది కాబట్టి రద్దు చేసుకునే వీలున్న బుకింగే తీసుకోండి. సర్క్యూట్ పక్క ఊళ్లో దొరక్కపోతే, రెండు మూడు గంటల దూరంలోని పెద్ద నగరంలో వెతకండి. ఎలాగూ నడపడానికే కదా వెళ్తున్నది.

రేస్ చూడబోతున్నాం కదా అని స్పోర్ట్స్ బైక్ మీద మనసు పోతుంది. సామాను, ఎండ, వాన, సర్క్యూట్ బయట గంటల తరబడి నత్తనడక ట్రాఫిక్ గుర్తు తెచ్చుకుంటే, నిటారుగా కూర్చునే మధ్యస్థాయి టూరింగ్ బండే సుఖం. రెండు కాళ్లూ నేలకు ఆనాలి. మరీ చిన్నదీ వద్దు: జపాన్‌లో 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు ఎక్స్‌ప్రెస్‌వే ప్రవేశం లేదు. ఇటలీలో ఆటోస్ట్రాడాలనే ఎక్స్‌ప్రెస్‌వేల మీద 2024 డిసెంబర్ దాకా 150 సీసీ కన్నా చిన్నవి నిషేధం, ఆ తర్వాత ఆ పరిమితిని 120 సీసీకి తగ్గించారు.

మీ సొంత హెల్మెట్టే పట్టుకెళ్లండి. ఎవరు వాడారో, ఎప్పుడు కింద పడిందో తెలియని అద్దె హెల్మెట్‌ను నమ్మి తల పెట్టడం ఎందుకు? యూరప్‌కైతే ఈసీఈ అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉన్నదే తీసుకెళ్లండి. ఫ్రాన్స్‌లో 2016 నవంబర్ నుంచి సీఈ (యూరప్ ప్రమాణాలకు తగినట్టు తెలిపే) గుర్తున్న గ్లవ్స్ తప్పనిసరి, బండిలో రిఫ్లెక్టివ్ జాకెట్ కూడా ఉండాలి. బెల్జియంలో గ్లవ్స్, పొడుగు చేతుల జాకెట్, నిండు ప్యాంటు, చీలమండలు కప్పే బూట్లు చట్టం అడుగుతుంది.

ఐదో మెట్టు: తాళం తీసుకునేటప్పుడు

కనీసం అరగంట పెట్టుకోండి. షాపులో వెనక లైన్ ఉన్నా తొందరపడొద్దు.

ఫోన్‌లో వీడియో పెట్టి, ముందు చక్రం దగ్గర మొదలై బండి చుట్టూ నెమ్మదిగా ఒక రౌండ్ తిరగండి. బండి ఒరిగినప్పుడు మొదట నేలకు తగిలే చోట్ల ఆగండి: లీవర్ల చివర్లు, హ్యాండిల్ బార్ చివరి బరువులు, అద్దాల వెనక భాగం, ఫుట్‌పెగ్ అంచు, ఇంజిన్ పక్క కవర్, సైలెన్సర్. రిమ్‌కు సొట్ట ఉందేమో వేలితో తడిమి చూడండి. ఫోర్క్ గొట్టాల మీద నూనె జిడ్డు వలయంలా కనిపిస్తే సీల్ కారుతున్నట్టు. బండి మార్చమనండి. కిలోమీటర్ల రీడింగ్, పెట్రోల్ ముల్లు కూడా వీడియోలో పడాలి.

టైర్ పక్కన ‘డాట్’ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. గాడులు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు మరీ పాతదైతే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. బ్రేకులు, లైట్లు, చెయిన్ బిగువు చూడండి. కనబడ్డ ప్రతి గీతనూ షాపు ఫారం మీద రాయించి వాళ్ల సంతకం తీసుకోండి. అదే వీడియోను అక్కడి నుంచే మీ మెయిల్‌కు పంపుకుంటే తేదీ, సమయం కూడా నమోదవుతాయి.

సంతకం పెట్టే కాగితం మీకు తెలియని భాషలో ఉంటే ఇంగ్లిష్ ప్రతి అడగండి. లేదంటే ఫోన్‌లో అనువాదం పెట్టి చదవండి. ఇద్దరు మార్చి మార్చి నడపబోతుంటే రెండో వాళ్ల పేరు కూడా ఒప్పందంలో ఉండాలి.

రేస్ రోజున

చాలా సర్క్యూట్లలో బైకులకు విడిగా పార్కింగ్ ఉంటుంది, అదీ తరచూ గడ్డి మైదానమే. పొద్దున గట్టిగా కనిపించిన నేల మధ్యాహ్నం వానకు మెత్తబడి సైడ్ స్టాండ్ లోపలికి దిగబడుతుంది. బండి ఒరిగి పక్క బండి మీద పడితే, అది ఇంకో దాని మీద పడుతుంది. అరచేతంత ప్లాస్టిక్ పలక ఒకటి బ్యాగులో పెట్టుకుని స్టాండ్ కింద వేయండి. పలక లేకపోతే నొక్కేసిన డబ్బా అయినా సరే. గేర్‌లో వదిలి, హ్యాండిల్ లాక్ వేసి, నిలిపిన చోటును ఫొటో తీసుకోండి. సాయంత్రానికి అన్ని వరసలూ ఒకేలా కనిపిస్తాయి.

రేస్ అయిపోగానే బయటపడాలని చూడకండి. ఒక గంట ఆగితే రోడ్డూ, మనసూ రెండూ కుదుటపడతాయి. అద్భుతమైన రేస్ చూసిన వెంటనే చేయి వేగం కోరుతుంది. రేస్ వారాంతాల్లో పోలీసుల తనిఖీలు కూడా పెరుగుతాయి.

ప్రమాదం జరిగితే

ముందు మనుషులు. యూరప్‌లో 112, జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్స్‌కు 119. చిన్న దెబ్బ అయినా జపాన్‌లో పోలీసులకు చెప్పి తీరాలి. ప్రమాద ధ్రువపత్రం లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ ముందుకు సాగదు.

యూరప్‌లో ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ప్రమాద ప్రకటన ఫారం వాడుకలో ఉంది. ఏ భాషలో ఉన్నా గడుల నంబర్లు, వరస ఒకటే కాబట్టి మీ దగ్గర ఇంగ్లిష్ ప్రతి ఉంటే పక్కన పెట్టుకుని అర్థం చేసుకోవచ్చు. అర్థం కాని గడి కింద సంతకం పెట్టకండి. తప్పు నాదే అని అక్కడికక్కడ రాసివ్వకండి. ఫొటోలు, ఎదుటి బండి నంబరు, సాక్షుల ఫోన్ నంబర్లు తీసుకోండి.

తర్వాత రెండు ఫోన్లు, రెండూ ఆ రోజే: అద్దె కంపెనీకి ఒకటి, ట్రావెల్ ఇన్సూరెన్స్ అత్యవసర నంబరుకు ఒకటి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇన్సూరెన్స్ వాళ్లకు ముందుగా చెప్పడం ముఖ్యం. ఆసుపత్రికి వాళ్లే నేరుగా హామీ ఇవ్వగలరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం అనుమతి కోసం ఆగకండి, చికిత్స మొదలయ్యాక తోడున్నవాళ్లు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరూ పాలసీ నంబరూ కాగితం మీద రాసి జాకెట్ లోపలి జేబులో ఉంచండి. దెబ్బ తగిలినప్పుడు ఫోన్ లాక్ తీసే స్థితిలో ఉండకపోవచ్చు.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు

షాపు తెరిచి ఉన్న వేళలోనే ఇవ్వండి, ఫ్లైట్‌కు బాగా ముందుగా. తాళం డబ్బాలో వేసి వెళ్లిపోతే తర్వాత కనిపించిన గీతకు జవాబు చెప్పుకోలేరు. బండి మురికిగా ఉంటే నీళ్లతో కడిగి ఇవ్వండి. మట్టి కింద ఏముందో తేలలేదని డిపాజిట్ ఆపే అవకాశం ఇవ్వకూడదు. ట్యాంక్ నింపిన రసీదు చూపించి, మొదట తీసినట్టే ఇంకో వీడియో తీసి, ‘కొత్త నష్టం లేదు’ అని రాయించుకోండి.

డిపాజిట్ బ్లాక్ తొలగడానికి బ్యాంకును బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. కెమెరాకు చిక్కిన వేగం, ఇటలీ పాత నగరాల్లోని నిషిద్ధ ప్రాంతాల్లోకి వెళ్లడం లాంటి జరిమానాలు నెలల తర్వాత వస్తాయి. అద్దె కంపెనీ మీ వివరాలు అధికారులకు ఇచ్చి, ఆ పనికి తన రుసుము కార్డు నుంచి తీసుకుంటుంది. ఆ రుసుము జరిమానా కాదు, జరిమానా విడిగా వస్తుంది. అందుకే ఒప్పందం, రెండు వీడియోలు, పెట్రోల్ రసీదు, వచ్చిన మెయిళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి కనీసం ఏడాది పాటు ఉంచండి.